మా వాడల కొత్త జెండా గద్దె

మొన్న ఆదివారం నుంచి కోదాడల నా షాపు ముందు ఎవరు బండి ఆపినా ముందు నవ్వుతున్నరు. ఆ తర్వాత "అన్నా, ఒక నినాదం ఇయ్యరాదే" అంటున్నరు. ఫ్లెక్సీ సంగతి ఆఖరికి. ఏం జరిగిందో చెప్తా, మీరు చాయ్ తాగుతూ వినండి. నవ్వొస్తే మాత్రం గ్లాసు కింద పెట్టి నవ్వండి.

నాది ఫ్లెక్సీలు కొట్టే షాపు. పుట్టిన ఊరు చిలుకూరు దగ్గర. మా వాడంతా కూలోళ్లు, హమాలీలు. వాడ నడుమ ఎర్రజెండా గద్దె ఉంటది. కొత్త జంట ఊళ్లోకి వస్తే ముందు గుడికి పోతరు, తర్వాత గద్దె కాడ కొబ్బరికాయ కొడతరు. దేవుణ్ణి నమ్మని పార్టీ గద్దెకు కొబ్బరికాయ ఏందని ఒకసారి పట్నం నుంచి వచ్చిన వాళ్ల నాయకుడే అడిగిండట. "దేవుడు లేకుంటే లేకపాయె, గద్దె ఉంది కదా సారూ" అన్నదట మా అమ్మ. ఆయన కొబ్బరి ముక్క తిని పోయిండు.

ఆ పార్టీ మా దిక్కు గెలవక ఎన్నేండ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. అయినా మా బూత్ కాడికి వచ్చేసరికి అవే ఓట్లు. మిగతా పార్టీలోళ్లు వస్తరు, మావోళ్లు కుర్చీలేసి కూసోబెడతరు, మంచినీళ్లిస్తరు, అన్నిటికీ తలూపుతరు. ఓటు మాత్రం కదలదు.

నాకేమో అందరి ఫొటోలు కొట్టీ కొట్టీ ఒక ఆశ పుట్టింది. నా ఫొటో ఎప్పుడు పడతది? సూర్యాపేటల శంకరన్న అని ఒక లీడరు ఉన్నడు, వేరే పార్టీ. నా కాడ ఫ్లెక్సీలు కొట్టించుకుంటూ ఒకనాడు, మీ వాడల మా జెండా ఎగిరేటట్టు చెయ్యి తమ్మీ, నిన్ను మార్కెట్ కమిటీ డైరెక్టర్‌ను చేపిస్తా అన్నడు.

ఇగ ఆగుతనా? అన్న అటు పోంగనే మిషన్ ఆన్ చేసి పెద్ద ఫ్లెక్సీ కొట్టిన. నడుమ నా ఫొటో. కింద 'కాబోయే డైరెక్టర్ గారికి శుభాకాంక్షలు, ఇట్లు మీ అభిమానులు'. ఆ అభిమానులు ఎవరో కాదు, నేనే. ఆదివారం మా వాడల జెండా ఎగరేసే ఫంక్షన్ ఉందని మిర్యాలగూడల మా మామకు ఫోన్ చేసి చెప్పిన. పెండ్లయిన కాడి నుంచి నన్ను చూసి మంచం మీది నుంచి లేవని మనిషి, కొత్త అంగీ వేసుకొని వస్తా అల్లుడా అన్నడు. ఆ ఒక్క మాటకే నేను సగం డైరెక్టర్ అయిపోయిన.

అమ్మ బియ్యంల రాళ్లు ఏరుతుంటే పోయి కూసున్న. గెలవని పార్టీని పట్టుకొని ఏం లాభమే అని అడిగిన. అమ్మ చాట పక్కకు పెట్టింది.

"మిర్యాలగూడల మీ నాయన మీద బస్తాలు పడ్డప్పుడు, మిల్లోడు ఈయన మా కాడ పనే చెయ్యలే అన్నడు. జెండా పట్టుకున్నోళ్లు గేటు కాడ వానల కూసున్నరు, దవాఖాన ఖర్చు కట్టిందాక లేవలే. వాళ్లు అప్పుడూ ఓడిపోయినోళ్లే. గెలిస్తే కనపడేటోళ్లు వేరు బిడ్డా, ఓడినా వచ్చేటోళ్లు వేరు."

మరి నా ఫంక్షన్‌కు రావా అన్న. "ఎందుకు రాను, నువ్వు నా కొడుకువి కదా" అని మళ్లా చాట అందుకుంది.

విచిత్రం ఏందంటే వాడల ఒక్కరూ అడ్డం చెప్పలే. పాత గద్దెకు కొంచెం దూరంల కొత్త గద్దె మొదలు పెడితే మావోళ్లే వచ్చి కాంక్రీట్ కలిపిండ్రు. వాన నీళ్లు నిలవకుండ వాటం ఇటు పెట్టు అని సలహా కూడా ఇచ్చిండ్రు. వీళ్లంతా మారిపోయిండ్రని నాకు ఒకటే సంబురం.

ఆదివారం రానే వచ్చింది. శంకరన్న కార్లతోని దిగిండు, నా మెడల కండువా కప్పిండు. జెండాల పూలు పెట్టి మడిచి తాడుకు కట్టింది నేనే. చిన్నప్పటి నుంచి మా వాడల ఆ పని నాదే. అన్న తాడు గుంజంగనే జెండా విప్పుకుంది, పూలన్నీ ఆయన నెత్తి మీద రాలినయ్. మా అమ్మతో సహా అందరూ చప్పట్లు కొట్టిండ్రు. మామ కొత్త అంగీ సర్దుకుంటూ ముందు వరుసల నిలబడ్డడు. ఇంతవరకు అంతా సక్కగనే ఉంది.

అప్పుడు అన్న మైకు నా చేతికిచ్చి, ఒక నినాదం ఇయ్యి తమ్మీ అన్నడు.

మా వాడల జెండా పండుగైనా, సమ్మె అయినా, నినాదం ఇచ్చే గొంతు కూడా నాదే. నిక్కరేసుకున్న నాడు మా నాయన నేర్పిండు, అప్పటి నుంచి నన్నే గద్దె ఎక్కిస్తరు. అలవాటు ప్రకారం ఎక్కిన. ఎదురుంగ మావోళ్ల మొఖాలు. కండ్లు మూసుకొని, గుండె నిండ గాలి పీల్చుకొని, పిడికిలి లేపి గట్టిగా అన్న.

"ఎర్రజెండా..."

సగంలనే తెలిసింది. కానీ మా వాడ ఆగుతదా. "జిందాబాద్" అని ఒక్కపెట్టున మోగింది. కోళ్లు బెదిరి గోడలెక్కినయ్. పోనీ అక్కడన్న ఆపిననా? ఆ నినాదాలు ఒకటెనక ఒకటి దండ గుచ్చినట్టు ఉంటయ్, ఒకటి లాగితే అన్నీ వస్తయ్. "కార్మికుల ఐక్యత" అన్న. "వర్ధిల్లాలి" అన్నరు. నిజం చెప్పాల్నంటే, ఆ కాసేపు నాకు ఎంత సంతోషమైందో.

భయం భయంగ పక్కకు చూసిన. శంకరన్న పిడికిలి కూడా పైకే ఉంది! అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే. ఆయనది తిరుమలగిరి దిక్కు పల్లె, వాళ్ల నాయన కూడా కూలి సంఘం మనిషేనట. అన్న తన పిడికిలిని తనే చూసుకొని, మెల్లగ దించి, దానితోనే జుట్టు సర్దుకున్నడు. ఆయనకు సర్దుకునేంత జుట్టు లేదు.

మా మామ నవ్వీ నవ్వీ కొత్త గద్దె మీద కూలబడ్డడు. పెండ్లయినంక నన్ను చూసి ఆయన మనస్ఫూర్తిగా నవ్వింది గప్పుడే.

కారెక్కేటప్పుడు అన్న నన్ను పక్కకు పిలిచి చెవుల చెప్పిండు. "తమ్మీ, నా చెయ్యి లేచిన ముచ్చట నువ్వు ఎవరికీ చెప్పకు. నీ డైరెక్టర్ ముచ్చట నేనూ ఎవరికీ చెప్ప."

నేను గద్దె అంచు మీద కూసుంటే అమ్మ వచ్చి నా మెడల కండువా తీసి, దానితోనే నా చెమట తుడిచింది. "ఇది మెడ మీదిది, తీస్తే వస్తది. మీ నాయన ఇచ్చింది గొంతుల ఉంది, అది ఏడికి పోతది బిడ్డా" అన్నది.

ఆ గద్దె ఇంకా ఉంది. పైన శంకరన్నోళ్ల జెండా ఎగురుతనే ఉంది, ఎవరూ ముట్టుకోలే. కింద గద్దె మీద మాత్రం మా అమ్మ నా ఫ్లెక్సీ పరిచి దాని మీద పండు మిరపకాయలు ఎండబోసింది. 'కాబోయే డైరెక్టర్' అన్న కాడ బాగా ఎండుతున్నయట. పార్టీ మార్చి గద్దె కట్టిస్తి, అది కూడా వారం తిరగకుండనే ఎర్రబడ్డది.