గుర్తులేని దిబ్బలకు సున్నం

నా చిన్నప్పుడు మా పేటలో ఈస్టరు పండగ సమాధుల తోటలో మొదలయ్యేది. ముందురోజు శనివారం మధ్యాహ్నం ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు సున్నపు కుండలు, కొబ్బరిపీచు కుంచెలు పట్టుకుని వంశధార గట్టుకు వెళ్ళేవారు. తమ వాళ్ళను పాతిపెట్టిన మట్టిదిబ్బలను నీళ్ళతో తడిపి, బంకమట్టితో మెత్తి, ఆరాక సున్నం వేసి వచ్చేవారు. మర్నాడు తెల్లవారకముందే పేటంతా కొవ్వొత్తులతో అక్కడికి చేరి, సూర్యుడు పైకి వచ్చేదాకా పాటలు పాడేవాళ్ళం. ప్రభువు లేచిన రోజు కాబట్టి మన వాళ్ళూ ఒకనాడు లేస్తారన్న మాట అక్కడే చెప్పుకోవాలని మా పెద్దల పట్టుదల. కాస్త కలిగినవాళ్ళకు ఇటుక సమాధులు, వాటిమీద పేర్లు ఉండేవి. అలాంటివి మొత్తం తోటలో నాలుగో అయిదో. మిగిలినవన్నీ మట్టే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా తమ్ముడు పోయాడు. వాడికి మూడేళ్ళు. వానాకాలం నడిమధ్యలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండోరోజు బండి కట్టి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి బయలుదేరితే, సగం దారిలో బండి వెనక్కి తిప్పాల్సి వచ్చింది. నాన్న అప్పుడు కలకత్తాలో జనపనార మిల్లులో పనిచేస్తున్నాడు. టెలిగ్రాం ఇచ్చాం గానీ అది చేరేలోపే వాడిని పాతిపెట్టేశారు. కొడుకే లేనప్పుడు ఇక వచ్చి ఏం చేస్తానన్నాడో, సెలవే దొరకలేదో, నాన్న రాలేదు. పాతిపెట్టిన చోట రెండు సరుగుడు పుల్లలు అడ్డంగా నిలువుగా కట్టి సిలువలా గుచ్చారు. మా తమ్ముడికి ఉన్న గుర్తు అదొక్కటే.

మూడు వారాలు తిరక్కుండా ఏరు పొంగింది. రెండు రోజులు తోట నీళ్ళలోనే ఉంది. పల్లపు చేలన్నీ ఇసుక మేట వేసి ఆ ఏడు పంట చేతికి రాలేదు. పొద్దున చోడి అంబలి, అంటే రాగి జావ, రాత్రి ఉంటే గంజి, లేకపోతే అదీ లేదు. వరద తీశాక తోట ఎలా ఉందో అమ్మ చూడలేదు. ఆ దారి పేరెత్తితేనే లేచి వేరే పనిలోకి వెళ్ళిపోయేది. ఊడుపుల్లో, కోతల్లో అందరికంటే ముందు పాట ఎత్తుకునే మనిషి, నోరు కట్టేసుకుంది. వండేది, పెట్టేది, కూలికి వెళ్ళేది. అన్నీ ఎవరో పురమాయిస్తే చేస్తున్నట్టు చేసేది. ఆదివారం గుడికి వస్తే పాస్టరుగారు, కష్టాల్లో సంతోషించడమే విశ్వాసమని, ఓర్పుగా ఉండాలని చెప్పేవారు. ఆయన మంచివాడే. కానీ నాకు ఒళ్ళు మండిపోయేది. తమ్ముడు చచ్చిపోతే సంతోషించమనే దేవుడు ఏం దేవుడని, బల్లకింద కాళ్ళు నేలకేసి రాస్తూ కూర్చునేదాన్ని. ఇప్పటికీ ఆ కోపం తప్పని నేను అనుకోను. ఆ మాటకు అర్థం చూపించే మనిషి అప్పటికి నాకింకా తగల్లేదు, అంతే.

ఈస్టరుకు పదిరోజుల ముందు నాన్న దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మకు చదువు రాదు కనుక ఇంట్లో ఉత్తరాలు చదివేది నేనే. పండగకు వస్తున్నానని రాశాడు. నిన్ను ఏమీ అడగను, ఏడవను, వాడు ఎక్కడున్నాడో ఒక్కసారి చూపించు చాలు అని రాశాడు. అమ్మ ఆ చివరి వాక్యం మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఆ రాత్రే గుల్ల సున్నం తెచ్చి నానబెట్టింది. అందులో వేయడానికి చిటికెడు నీలిమందు పక్కింటి అక్కను అడిగి తెచ్చుకుంది. ఎనిమిది నెలల తర్వాత అమ్మ తనంతట తాను మొదలుపెట్టిన మొదటి పని అదే.

శనివారం మధ్యాహ్నం తోటకు వెళ్ళాం. వెళ్ళి నిలబడిపోయాం. ఇటుక సమాధులు ఒండ్రులో సగం కూరుకుపోయి ఉన్నాయి. మట్టిదిబ్బల్లో కొన్ని మునుపటికంటే కుంగిపోయి, కొన్ని ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఏది ఏదో పోల్చుకోలేకుండా ఉన్నాయి. సరుగుడు పుల్లలు ఎక్కడా లేవు. అమ్మ సున్నపు కుండ పట్టుకుని ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసింది. పాతిపెట్టిన రోజు తను స్పృహలో ఉంటే కదా చోటు గుర్తుండటానికి. ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని నడిపించారు ఆవేళ. గొయ్యి తవ్వినవాళ్ళను అడుగుదామంటే, పంట పోయాక వాళ్ళు కూలికి వలసపోయారు. చివరికి నావైపు తిరిగింది. ఆ చూపు తట్టుకోలేక నేను తాటిచెట్టు మొదట ఉన్న చిన్న దిబ్బను చూపించి, ఇదేనమ్మా, నాకు బాగా గుర్తుంది అన్నాను. నాకేమీ గుర్తులేదు. నాన్న ఉత్తరం నేనే చదివాను కదా, రేపు ఆయన అడిగితే అమ్మ ఏం చూపిస్తుందన్నదొక్కటే నా బెంగ.

అమ్మ మోకాళ్ళమీద కూర్చుంది. మట్టి తడిపి, రెండు చేతులతో మెత్తింది. పిల్లవాడికి నలుగు పెడుతున్నప్పుడు ఎంత మెల్లగా రుద్దేదో అంత మెల్లగా మెత్తింది. ఆరేదాకా పక్కనే కూర్చుని, ఆరాక మొదటిసారి సున్నం వేసింది. అప్పుడు మా వీధి చివర ఉండే ముసలాయన ఒకరు తన కుండ పట్టుకుని వచ్చారు. మమ్మల్ని చూసి కుండ కింద పెట్టారు. తర్వాత, తప్పు తనదే అన్నట్టు తల గోక్కుంటూ, అది కుంగి చిన్నదైపోయింది గానీ, తన ఇంటిదానిదేమో అమ్మా అన్నారు. తలవైపు ఒండ్రును చేత్తో తవ్వారు. జానెడు లోతున విరిగిన తిరగలి రాయి సగం బయటపడింది. ఆవిడ వాడుకున్న తిరగలి అది. ఆవిడ పోయినప్పుడు గుర్తుకోసం ఆయనే పాతారు.

అమ్మ నన్ను తిట్టలేదు. కొట్టలేదు. నావైపు చూడను కూడా లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. ముసలాయన ఫర్వాలేదంటున్నా వినకుండా ఆ దిబ్బకు రెండోసారి సున్నం తనే వేసి, లేచి, గట్టుమీద కూలబడింది. ఏడుపు రాని ఏడుపు ఒకటుంటుంది, అలా కూర్చుంది. "ఆయనొచ్చి అడిగితే ఏటి సూపిస్తాను? బిడ్డనీ నిలపనేకపోనాను, బిడ్డనెట్టిన సోటూ నిలపనేకపోనాను," అంది. నాతో అనలేదు, ఎవరితోనూ అనలేదు.

పొద్దు వాలుతోంది. ఒక్కొక్కరే ఇళ్ళకు వెళ్ళిపోతున్నారు. వెళ్ళకుండా ఉన్నది బైబిలమ్మగారు ఒక్కరే. మిషను తరఫున ఇంటింటికీ తిరిగి, చదువురాని ఆడవాళ్ళకు బైబిలు చదివి వినిపించే పని ఆవిడది, అందుకే ఆ పేరు. విధవరాలు. బక్కపల్చటి మనిషి, నోరు మాత్రం పెద్దది. పిల్లలం ఆవిడ కంటబడితే దొంగతనంగా కోసిన కాయలు దాచుకుని పారిపోయేవాళ్ళం. ఆవేళ మొదటిసారి గమనించాను, ఆవిడ దగ్గర ఒకటి కాదు, మూడు కుండల సున్నం ఉంది. అందరూ వెళ్ళేదాకా ఆగి, ఎవరూ రాని దిబ్బల దగ్గరికి వెళ్ళి ఒకదాని తర్వాత ఒకటి మెత్తుతోంది. జరిగిందంతా చూస్తూనే ఉందనుకుంటాను, చేతులు కడుక్కోకుండానే వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"నాకిద్దరున్నారిక్కడ," అంది. "గత్తరొచ్చిన ఏడు ఒక్క వారంలో ఇద్దరూ ఎల్లిపోనారు. నాకూ గత్తరే, మంచమ్మీదున్నాను. ఎక్కడెట్టినారో నాను సూడ్నేదు. ఎట్టినోలూ ఆ యేడే పోనారు."

అమ్మ తలెత్తి చూసింది. ఆవిడకు పిల్లలుండేవారని, కలరాతో పోయారని మా పేటలో మాలాంటి చిన్నవాళ్ళకెవరికీ తెలియదు. అమ్మకు తెలుసేమో గానీ, చోటు తెలియదన్న సంగతి అమ్మకూ తెలియదు.

మొదటి రెండేళ్ళు పిచ్చిదానిలా వెతికానని ఆవిడ చెప్పింది. ఇది నాదా, అది నాదా అని దిబ్బ దిబ్బకూ తిరిగి, ఇంటికి వెళ్ళి తలుపేసుకుని దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టానంది. బైబిలమ్మ దేవుణ్ణి తిట్టిందనగానే నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను. మూడో ఏడు వెతకడానికి ఓపిక లేక, కోపంగానే, ఎవరూ పట్టించుకోనివన్నీ మెత్తేశానంది. చీకటి పడ్డాక ఇంటికి వెళ్తే ఆ రాత్రి నిద్ర పట్టిందట. తర్వాత అమ్మ గడ్డం పట్టుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"లేపీవోడికి తెలుసమ్మా ఏది ఎవులిదో. ఆ లెక్క మనకెందుకు? అన్నీ సేసీ. అందులో నీ గుంటడూ ఉన్నాడు, నా గుంటలూ ఉన్నారు."

తర్వాత నావైపు తిరిగింది. చీవాట్లు పడతాయని బిగుసుకున్నాను. "దీన్నేటీ అనకు. తల్లి ఏడుపు సూడనేక అబద్దమాడీసినాది," అని అమ్మతో అని, నా చేతిలో కుంచె పెట్టింది. ఆ కుంచె ఎందుకిచ్చిందో నాకు వెంటనే అర్థమైంది. అబద్ధం చెప్పినవాళ్ళు ఎక్కువ దిబ్బలు చేయాలి.

ఆవిడ అప్పటికే మెత్తినవాటితో కలిపి గుర్తులేని దిబ్బలు పదకొండు. ముగ్గురం కలిసి చేశాం. ఏటినుంచి నీళ్ళు మోసింది నేనే. మొదట అమ్మ ప్రతి దిబ్బ దగ్గరా ఆగి, ఇదేనేమో అన్నట్టు తడిమి తడిమి చూసేది. నాలుగోదో అయిదోదో వచ్చేసరికి ఆ తడమడం మానేసింది. అన్నిటినీ ఒకేలా, అదే నలుగు పెట్టే చేత్తో మెత్తింది. ఎనిమిదో దిబ్బ దగ్గర బైబిలమ్మగారు కుంచె విదిలిస్తే సున్నం వెళ్ళి అమ్మ ముక్కుమీద పడింది. ఆవిడ, రేపు మీ ఆయన నిన్నూ సమాధే అనుకుని పువ్వులెడతాడు తుడుచుకో అంది. సమాధుల తోటలో ఆ వేళాకోళం ఏమిటో. అమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చింది. ఎనిమిది నెలలుగా రాని నవ్వూ ఏడుపూ ఒకే గొంతులోంచి వచ్చాయి. ఆవిడ ఓదార్చలేదు. కుంచె పనిలోనే ఉంచి, ఏడవనిచ్చింది.

మర్నాడు తెల్లవారుజామున మేం తోటలో ఉండగానే నాన్న వచ్చాడు. ఆమదాలవలసలో రైలు దిగి, దొరికిన బండెక్కి, మిగతాది నడిచి, ఇంటికి తాళం చూసి నేరుగా అక్కడికే వచ్చాడు. చిక్కిపోయాడు. చేతిలో రేకు పెట్టె, ఒక కొవ్వొత్తుల పొట్లం. నన్ను దగ్గరికి తీసుకుని, అమ్మను చూసి, "ఏదీ?" అన్నాడు.

అమ్మ తలొంచుకుంటుందనుకున్నాను, వంచుకోలేదు. తనకు తెలియదంది. గుర్తును ఏరు తీసుకుపోయిందని చెప్పింది. నాన్న ముఖం నల్లబడింది. అంత గట్టిగా అడిగే మనిషి కాదు గానీ, "సోటైనా గుర్తెట్టుకోనేదా?" అన్నాడు.

"నేదు," అంది అమ్మ. "అన్నిటికీ సున్నమేసినాను. ఇందులో ఉన్నాడు. లేపీవోడికి తెలుసు."

నాన్న ఆ పదకొండు దిబ్బలవైపు తిరిగాడు. అప్పుడప్పుడే తూరుపు తెల్లబడుతోంది, సున్నం వేసిన దిబ్బలు మసకలో ఒక్కొక్కటే కనబడుతున్నాయి. ఏడవనని ఉత్తరంలో రాసినవాడు అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చాడు. కాసేపటికి లేచి, చెప్పులు విప్పి, పొట్లం విప్పాడు. ఆరు కొవ్వొత్తులున్నాయి. ఒక్కొక్కటీ సగానికి విరిచి, ఒక్కో దిబ్బ దగ్గరా మోకాలు వంచి ఒక్కో ముక్క వెలిగించాడు. ఏ ఒక్కదాని దగ్గరా త్వరపడలేదు. మిగిలిన ముక్క నా చేతిలో పెట్టాడు. అంతలో పాట మొదలైంది. మూడో చరణం దగ్గర అమ్మ గొంతు కలిసింది. శ్రుతి తప్పింది, మధ్యలో రెండుసార్లు తెగిపోయింది, మళ్ళీ కలిసింది. దుఃఖం వెళ్ళిపోయాకే సంతోషం వస్తుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ తెల్లవారుజామున అమ్మ ముఖంలో రెండూ ఒకేసారి చూశాను. పాస్టరుగారి మీద నా కోపం కూడా అక్కడే సగం తగ్గింది.

ఆ తర్వాత మా ఇంట్లో కష్టాలు తీరిపోలేదు. నాన్న మళ్ళీ కలకత్తా వెళ్ళాడు, అంబలి రోజులు ఇంకో రెండేళ్ళు సాగాయి. అమ్మ తమ్ముడి పేరు ఎత్తి ఏడవని నెల లేదు. కానీ ప్రతి ఈస్టరుకూ మూడు కుండల సున్నం నానబెట్టేది. ఓర్పు అంటే పళ్ళు బిగబట్టి కూర్చోవడం కాదని, చేతికి పని చెప్పి ఎదురుచూడటమని నాకు ఆమెను చూస్తేనే తెలిసింది.

నేను నర్సు ఉద్యోగం చేసి, రిటైరై, ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. మా ఆయన సమాధి ఇక్కడే, పాలరాతి పలకమీద పేరుంటుంది, వెతుక్కోవాల్సిన పని లేదు. అయినా ఈస్టరు ముందురోజు ఆయన సమాధి కడిగాక, మోకాళ్ళ నొప్పులతోనే, సున్నపు కుండ పట్టుకుని గోడవారగా ఎవరూ రాని మట్టిదిబ్బల దగ్గరికి వెళ్తాను. ఎవరివి అమ్మమ్మా ఇవి అని మనవరాలు అడుగుతుంది. తెలియదమ్మా అంటాను. మా తమ్ముడు పడుకున్నది ఇక్కడికి ఎంతో దూరాన, వంశధార గట్టున అని నాకు తెలుసు. తెలిసి కూడా, ప్రతి చిన్న దిబ్బ దగ్గరా కుంచె కాస్త మెల్లగా కదుపుతాను, ఇదే వాడిదేమోనని.