పరదా ఇవతల పాడిన చిట్టి

గోదావరిఖనిలో మాకు క్వార్టరు దొరికిన కొత్తలో మా ఇంట్లో రెండు రకాల డబ్బు ఉండేది. ఒకటి మా ఆయన బొగ్గుబాయిలో సంపాదించి, జీతం రోజున తెచ్చి నా చేతిలో పెట్టేది. రెండోది నాకు మాత్రమే లెక్క తెలిసిన బీడీల డబ్బు.

ఆయన షిఫ్టుకు పోగానే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. బీడీలు చుడుతున్నానని ఆయనకు తెలుసు, ఎంత వస్తున్నదో తెలియదు. అడిగితే నా దగ్గర ఒకటే జవాబు.

"ఏం కూలి? ఆకు ఖరాబున్నది. కార్ఖానాయన సగం బీడీలు పక్కకు తీసేసిండు."

ఆకు బాగానే ఉండేది, బీడీలూ బాగానే ఉండేవి. ఆయన మాత్రం ఎన్నడూ చూడని ఆ కార్ఖానా మనిషిని కూడు తింటున్నంతసేపూ తిట్టేవాడు. ఆ తిట్లు వింటుంటే నాకు జాలేసేది, కానీ నిజం చెప్పేంత జాలి కాదు.

ఆ డబ్బుతో పక్క క్వార్టర్లో ఉండే సాయిబులామె దగ్గర చిట్టి వేశాను, ఆమెను అందరం ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్లం. ఖాలా భర్త మెకానిక్కు. చిట్టి వ్యవహారం మాత్రం పూర్తిగా ఆమెదే. ఇరవై మందిమి నెలకు ముప్పై రూపాయలు వేస్తే ఆరు వందలయ్యేది. అవసరం ఉన్నవాళ్లు పాట పాడాలి. అందులో ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే ఆ నెల చిట్టి వాళ్లది. వదులుకున్న డబ్బును అందరూ పంచుకుంటారు.

నాకు బర్రె కావాలి. మా లైనులో పాలు పోసే మనిషి పాలలో గోదావరిని సగం కలిపేవాడు. పైగా మా దగ్గరి బొగ్గు దుమ్ముకు తెల్లావైతే వారానికే నల్లబడుతుంది, బర్రెకు ఆ ఫికరే లేదు. ఇదంతా మా ఆయనకు విడమరిచి చెప్పాను.

"నేను బాయిల దిగాల్నా, బర్రెను మేపాల్నా? కొంటే రేడియో కొనాలె," అన్నాడు.

"రేడియో పాలిస్తదా?"

"బర్రె వార్తలు చెప్తదా?"

అంతటితో ఆ మాట ముగిసిందని ఆయన అనుకున్నాడు. నేను ఆ నెల చిట్టి పాడదామని అనుకున్నాను.

పాట ఆదివారం మధ్యాహ్నం. పొద్దున్నే మా ఆయన తల దువ్వుకుని, "బసంత్‌నగర్ల దోస్తున్నడు, చూసొస్త," అని బయలుదేరాడు. నాకు కావలసింది అదే. మధ్యాహ్నం కాగానే ఖాలా ఇంటికి పోయాను. మగవాళ్లు వరండాలో, మేము లోపలి గదిలో, మధ్యలో పరదా. ఖాలా గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. మేము చెవిలో చెబితే ఆమె బయటికి చెప్పాలి.

"లోపలి పాట యాభై," అంది ఖాలా.

"అరవై," అని బయటినుంచి వినబడింది.

ఆ గొంతు నాకు తెలుసు. రోజూ మా ఇంట్లో ఇంకింత పప్పు వెయ్యమని అడిగే గొంతే అది. బసంత్‌నగర్ పోయిన మనిషి పరదాకు అవతల కూర్చుని చిట్టి పాడుతున్నాడు. ఆయన అప్పుడప్పుడు చేసే ఆదివారం డ్యూటీకి వచ్చే రెండింతల కూలి మా ఇంటికి ఎందుకు రావడం లేదో కూడా అప్పుడే అర్థమైంది.

మొదట ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆపై ఇంకో ఆలోచన వచ్చింది: నేను ఆగిపోతే రేడియో వస్తుంది.

"డెబ్బై," అన్నాను ఖాలా చెవిలో.

బయట ఎనభై అయింది. నేను తొంభై అన్నాను. వంద దాటాక మిగతావాళ్లంతా పాడడం మానేసి వినడం మొదలుపెట్టారు. మా ఇద్దరి పుణ్యమా అని ప్రతివాళ్ల వాటా పెరుగుతున్నది మరి. ఖాలా ఒకసారి నన్ను చూసింది, ఒకసారి పరదా తొలగించి బయటికి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు వంగింది.

"బస్ బేటీ. ఇటు పోయినా అటు పోయినా మీ ఇంటి పైసలే."

"నూట యాభై అని చెప్పు ఖాలా."

ఆమె చెప్పింది.  వరండాలోంచి మా ఆయన మాట వినిపించింది.

"తీస్కోనియ్యుండ్రి. పాపం, ఆ లోపలామెకు ఏం దవాఖాన ఖర్చున్నదో ఏమో."

"అవు భాయ్, చానా అక్కర," అంది ఖాలా, మొహం ఇటు తిప్పుకుని.

పొద్దుగూకే ముందు ఆయన జిలేబీ పొట్లంతో ఇంటికొచ్చాడు. దోస్తు ఇచ్చాడన్నాడు. తన వాటాకు వచ్చిన ఏడున్నర రూపాయల్లోంచి కొన్నాడని నాకు తెలుసు. అంటే నేను వదులుకున్న డబ్బుతో నాకే జిలేబీ తెచ్చాడన్నమాట. మీ దోస్తు మంచోడని చెప్పి, రెండెక్కువ తిన్నాను.

చేతికొచ్చిన డబ్బును కాసిపేట దిక్కు వ్యవసాయం చేసుకునే మా తమ్ముడికి పంపాను. వాడు సూడి బర్రెను బేరం చేసి, తోలుకొచ్చి మా ఇంటి ముందు కట్టేశాడు. "నువ్వే ఇచ్చినట్టు మీ బావకు చెప్పు," అన్నాను. "అట్లనే అక్కా," అని వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించవలసింది.

మా ఆయన బర్రె చుట్టూ తిరిగి చూశాడు. బామ్మర్దిని కౌగిలించుకున్నాడు. ఆ రోజు కోడి కోయించాడు, కల్లు తెప్పించాడు, కొత్త ధోవతి పెట్టాడు. అది మొదలు మా తమ్ముడు నెలనెలా రాసాగాడు. వచ్చినప్పుడల్లా బర్రె వీపు నిమిరి, "మంచిగ చూస్కో బావా, ప్రేమతోని ఇచ్చిన," అనేవాడు. ఆ మాటకు ఇంకో కోడి పోయేది.

బర్రె ఈనింది. పెయ్యదూడ. కబురు ముట్టగానే తమ్ముడు పలుపుతో సహా దిగాడు. భోజనం దగ్గర అడిగాడు.

"బావా, తల్లినే ఇచ్చినోన్ని. పిల్లనడిగితే కాదంటవా?"

"నీదే గదా, తోల్కపో," అన్నాడు మా ఆయన.

కూర గిన్నె నా చేతిలో ఉంది. కోళ్లు పోతే ఓర్చుకున్నాను, ధోవతి పోతే ఓర్చుకున్నాను. దూడ దగ్గర నావల్ల కాలేదు.

"అది వాని సొమ్ము గాదు. నా చిట్టి పైసలతోని కొన్న."

మా ఆయన ముద్ద కలుపుతూనే, "ఎరికే," అన్నాడు.

"ఎట్లెరిక?"

"పరదా కింద నీ కాళ్లు కనవడ్డయి. ఆ మెట్టెలు తెచ్చింది నేను కాదా?"

"తెలిసి కూడ నా మీద ఎందుకు పాడినవ్?"

"నువ్వెందుకు పాడినవ్?"

నేను ఆయనకు ఇంకింత కూర వేశాను. తినడం ఆపింది మా తమ్ముడొక్కడే.

"మరి నాకు ధోవతెందుకు పెట్టినవ్ బావా?"

"మీ అక్క ఎన్నడు బయటవడ్తదో చూద్దామని. మధ్యల నీ నటన గూడ మంచిగనే ఉండె."

దూడ మా ఇంట్లోనే పెరిగింది. తమ్ముడు తెచ్చిన పలుపు దానికే వాడుకున్నాం. వాడికి వెన్న గిన్నె ఇచ్చి పంపాను. తర్వాతి నెల మా ఆయన పాడాడు; ఒకసారి చిట్టి ఎత్తుకున్నాక మళ్లీ పాడేది లేదు కనుక నేను లోపల ఊరికే కూర్చున్నాను, పోటీ లేక ఆయన చాలా తక్కువ వదులుకునే చిట్టి దక్కించుకున్నాడు. రేడియో కొన్నాడు.

ఇంటికి తెచ్చాక తెలిసింది, దానికి ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలట. బర్రెకు లైసెన్సు లేదని గుర్తు చేశాను. ఆయన నావైపు చూడకుండా వార్తల చప్పుడు పెంచాడు.