వాల్టర్ గారి బీరుకు నా ముక్కు: ఫ్రాంకెన్‌మూత్‌లో ఒక శనివారం

మొదటిసారి ఇంట్లో కాచిన నల్ల గోధుమ బీరు అరటిపండు రసంలా తయారైంది. జర్మన్లు డుంకెల్‌వైజెన్ అనే ఈ బీరులో అరటిపండుతో పాటు లవంగం వాసన కూడా రావాలి. నాకది లేశమైనా రాలేదు. గిన్నె చిన్నదవడమే కారణమనుకుని పెద్దది వెతుకుతుంటే, ఫ్రాంకెన్‌మూత్ అనే ఊరి దగ్గర ఒకాయన తన స్టీలు పాత్రను అరవై డాలర్లకు అమ్ముతున్నట్టు ప్రకటన కనిపించింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఎనిమిదిన్నరకు నోవైలోని మా ఇంట్లో బయలుదేరాం. డ్రైవింగ్ మా ఆయన సురేష్‌ది. "ఒక గిన్నె కోసం ఇంత దూరమా? ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే రేపటికి డోర్ దగ్గరుండేది," అని ఐ-75 హైవే ఎక్కేదాకా గొణిగాడు. మామూలుగా గంటంబావు దారి. మంచు వల్ల గంటన్నర పట్టింది.

వాల్టర్ గారికి డెబ్బై ఆరేళ్లు. కార్ల ఫ్యాక్టరీలో పనిముట్లు తయారుచేసి రిటైరయ్యారు. నలభై ఏళ్లు ఇంట్లో బీరు కాచారట. పాత్ర తళతళలాడుతోంది. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే ఆయన భార్య హెలెన్ చెప్పారు. "రెండేళ్ల కిందట ఈయనకు కోవిడ్ వచ్చింది. అప్పుడు పోయిన వాసన మళ్లీ రాలేదు."

"మొన్న శరదృతువులో ఒకసారి కాచాను," అన్నారు వాల్టర్ గారు. "సీసాలన్నీ బేస్‌మెంట్‌లోనే ఉన్నాయి. బాగుందో లేదో తేల్చుకోలేనివాడికి పాత్రెందుకు?"

నా బీరు కథ విని నవ్వారు. "బీరు పులియబెట్టిన బకెట్ ఎక్కడ పెట్టావు?"

"హీటర్ పక్కన. వెచ్చగా ఉంటుందని."

"తప్పు గిన్నెది కాదమ్మా. వేడెక్కువైతే అరటిపండు వాసనే పైకొస్తుంది. తొందర లేకపోతే ఉండు, ఒకసారి కాచి చూపిస్తాను."

గ్యారేజీలో పొయ్యి వెలిగింది. నల్లగా వేయించిన బార్లీ గింజలను గుడ్డ సంచిలో కట్టి వేడినీళ్లలో అరగంట నానబెట్టాం. తర్వాత మంట ఆపి మొలకెత్తించిన గోధుమలతో చేసిన మాల్ట్ పాకం కలిపాం. మంట మీద పోస్తే అడుగంటుతుందట. మళ్లీ మంట పెట్టి, చేదు కోసం హాప్స్ అనే ఎండు పూలు వేసి గంటసేపు మరిగించాం. ఆయన పాత్రకు వీపు పెట్టి మాట్లాడుతూనే, ఉన్నట్టుండి చెయ్యి చాపి మంట తగ్గించారు. మరుక్షణం నురగ అంచుదాకా లేచి ఆగింది. మరిగే శబ్దం మారడం ఆయన విన్నారు, నాకు వినిపించనే లేదు.

"బేస్‌మెంట్‌లోని ఆ సీసాల్లో ఒకటి నేను వాసన చూడనా?" అని అడిగాను. ఆయన పాత్ర వైపు తిరిగి కలపసాగారు. హెలెన్ గారే వెళ్లి తెచ్చారు.

గ్లాసులో పోశాక కళ్లు మూసుకున్నాను. "ముందు కాల్చిన రొట్టె. తర్వాత అరటిపండు, కొంచెమే. చివర్లో లవంగం."

"లవంగం ఎంత?" ఆయన ముందుకు వంగారు.

"పంటినొప్పికి పెట్టుకున్నంత కాదు. పక్కింట్లో పులావు చేస్తుంటే మనింటికొచ్చినంత."

ఆయన పులావు తిన్నారో లేదో నాకు తెలియదు. కానీ గ్లాసు అందుకుని నిదానంగా ఒక గుక్క తాగి, "అంతే ఉండాలి," అన్నారు. తర్వాత హెలెన్ వైపు తిరిగి, "ఆ ప్రకటన తీసెయ్," అన్నారు.

కారెక్కగానే సురేష్, "గిన్నె రాలేదుగా, హ్యాపీయేనా?" అన్నాడు. చాలా హ్యాపీ అన్నాను. పాత్రను మంచులో తిప్పుతూ చల్లార్చిన మా తీపి కషాయం మూతపెట్టిన బకెట్‌లో నా కాళ్ల దగ్గరుంది. మూడున్నరకు బయలుదేరి, చీకటి పడకముందే ఇల్లు చేరాం.

పులియడానికి ఈస్ట్ కలిపిన ఆ కషాయం సీసాల్లో బీరుగా తయారవడానికి నాలుగు వారాలు పట్టింది. మొదటి గ్లాసు పోసి ఆయనకు ఫోన్ చేసి, వచ్చిన వాసనలన్నీ ఒక్కొక్కటిగా చెప్పాను. తర్వాతిసారి కాచడానికి పనికొస్తాయని అన్నీ రాసుకున్నారు. తన ఒంట్లోంచి జారిపోయినదాన్ని ఇంకొకరి మాటల్లో నమ్మి, మళ్లీ పనిలోకి దిగడానికి ఎంత ధైర్యం కావాలో నాకప్పుడు తెలిసింది. నలభై ఏళ్ల నేర్పు కన్నా ఆ ధైర్యమే నన్ను ఎక్కువ కట్టిపడేసింది.

మీరూ కాస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి: గోధుమ బీరు ఈస్ట్ విపరీతంగా పొంగుతుంది. బకెట్‌లో పావువంతు ఖాళీ వదిలి, మొదటి మూడు రోజులు ఇంట్లో చల్లటి మూలన పెట్టండి.