పార్కువాళ్ళు నాకిచ్చిన ఇద్దరు పిల్లలు

ఆ రోజుల్లో కామారెడ్డి మొత్తం మీద నన్ను ఎరిగినవాడు ఒక్కడూ లేడని నా గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ళ వయసులో నమ్మకాలు మహా గట్టిగా ఉంటాయి లెండి. సొంతూరు మద్నూర్ విడిచి, విత్తనాలూ పురుగుమందులూ అమ్మే దుకాణంలో పనికి కుదిరి, ఒక డాబా మీద రేకుల గది అద్దెకు తీసుకున్నాను. ఎండాకాలం అది పెనంలా కాలేది, వానాకాలం డప్పులా మోగేది. (ఇంటి ఓనరు మాత్రం దాన్ని ‘పెంట్‌హౌస్’ అనేవాడు.) పొద్దంతా మందు డబ్బాల మధ్య మసలడంతో నా చొక్కాకూ, జుట్టుకూ, చివరికి నేను తినే రొట్టెకూ ఆ వాసనే పట్టేది. సబ్బులు అరిగాయి గానీ వాసన వదల్లేదు. నలుగురిలో కూర్చోవాలంటే సిగ్గు. అందుకని దుకాణం మూయగానే నేరుగా మునిసిపాలిటీ పార్కుకు పోయి, కానుగ చెట్టు కింద ఓ మూల బెంచీ మీద కూర్చునేవాణ్ణి. గాలికి ఆ కంపు పోతుందని మొదలుపెట్టిన పని అది. కొన్నాళ్ళకు కంపు సంగతి మరిచిపోయాను గానీ పార్కుకు పోకుండా ఉండలేకపోయాను.

అదేమంత గొప్ప పార్కు కాదు. తొండం విరిగిన సిమెంటు ఏనుగు, నీళ్ళు రాని ఫౌంటెన్, ఊగితే కీచుమనే రెండు ఉయ్యాలలు, కొత్తగా పెట్టిన వ్యాయామం మిషన్లు (వాటి మీద ఆడవాళ్ళు చున్నీలు ఆరేసి కబుర్లు చెప్పుకునేవారు). అయినా ఆ కానుగ పూలు నెత్తిన రాలుతుంటే, ఉయ్యాల కీచుమంటుంటే, నాకు ఎక్కడలేని నిమ్మళంగా ఉండేది. దసరాకు మద్నూర్ పోయినా సాయంత్రమయ్యేసరికి కాళ్ళు అటే గుంజేవి. మా అమ్మ కనిపెట్టి, “ఏంరా, ఇంట్ల నీ కాలు నిలుస్తలేదు, ఏమైంది నీకు?” అని అడిగేది. పార్కు యాదికొస్తోందని ఏ మగపిల్లవాడు తల్లికి చెప్పగలడు?

అక్కడ రోజూ కనబడేవాళ్ళకు నేను మనసులోనే పేర్లు పెట్టుకున్నాను. మోకాళ్ళ నొప్పికి మంచిదని ఎవరు చెప్పారో గానీ, ఒక పెద్దాయన పార్కంతా వెనక్కి నడిచేవాడు. దారిన పోయేవాళ్ళను వీపుతో గుద్ది, వాళ్ళ మొహం చూడకుండానే “మాఫ్ కరో” అని సాగిపోయేవాడు. ఆయన వెనక్కి సారు. నడివేసవిలో కూడా మంకీ క్యాపు తీయని ఇంకొకాయన టోపీ తాత. గేటు పక్కన బొగ్గుల మీద మక్కకంకులు కాల్చే ఆవిడ మక్కల అవ్వ. ఆ అవ్వ నన్ను చూడగానే లేత కంకి ఏరి, కాల్చి, నిమ్మచెక్క రాసి చేతికిచ్చేది. నేను డబ్బులిచ్చి తల దించుకుని వెళ్ళిపోయేవాణ్ణి. ఏడాదికి పైగా ఇదే తంతు. నా వాసన వాళ్ళకు తగులుతుందేమోనన్న భయంతో ముగ్గురిలో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళకు నేనొకణ్ణున్నట్టే తెలియదనుకున్నాను.

అలా ఉండగా మా దుకాణం సేటు నాకొక సంబంధం తెచ్చాడు. పిల్లది ఎల్లారెడ్డి. వాళ్ళది గిర్నీ, ఊళ్ళో సగం మంది వాళ్ళ దగ్గరే జొన్నలూ మిరపకాయలూ పట్టించుకుంటారు. పెళ్ళిచూపులకు పోయాను. ఇద్దర్నీ కాసేపు మాట్లాడుకొమ్మని గదిలో కూర్చోబెడతారే, అప్పుడు నేను ముందుగానే నిజం చెప్పేశాను, నా దగ్గర మందుల వాసన వస్తుందని. ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి చూసి, “గిదేం వాసన? మా ఇంట్ల ఒక్క పూట మిరపకాయల ఘాటు సూడు. తుమ్ములు ఓర్చుకుంటవా?” అంది. ఓర్చుకుంటానన్నాను. అన్న వెంటనే నాలుగు తుమ్ములు తుమ్మాను. ఆమె నవ్వింది. బతుకులో మొదటిసారి నా పక్కన ఒక మనిషి ముక్కు మూసుకోకుండా నవ్వింది. ఇక ఆ పిల్ల దొరక్కపోతే నాకు పెళ్ళే వద్దనుకున్నాను.

పెద్దవాళ్ళు “తర్వాత చెప్తం” అన్నారు. మా వైపు ఆ మాటకు ‘ముందు ఎంక్వైరీ చేస్తాం’ అని అర్థం. పిల్లతరపు మనిషొకడు చడీచప్పుడు లేకుండా వచ్చి, పిల్లగాడి అలవాట్లేమిటో, తాగుతాడా, ఎవరితో తిరుగుతాడో చుట్టుపక్కల అడిగిపోతాడు. నాకేం భయం? చాయ్ తప్ప ఏ వ్యసనమూ లేదు. చేస్తే చేసుకోనీ అని ధీమాగా ఉన్నాను. వారం గడిచింది. ఒకనాడు మధ్యాహ్నం దుకాణంలో ఉండగా మద్నూర్ నుంచి మా అమ్మ ఫోను. ఎత్తగానే ఏడుపు.

“ఎప్పుడు చేసుకున్నవ్‌రా?”

“ఏందమ్మా?”

“పెండ్లి. నాకొక్క మాట చెప్తే రాకపోదునా? ఇద్దరు పిల్లలంట గదరా. చిన్నదానికి పుట్టెంట్రుకలు గూడ తీపిచ్చినవంట. మేనమామ లేకుంట ఎట్ల తీపిచ్చినవ్‌రా?”

నా చేతిలోని విత్తనాల సంచి కింద పడింది. అవతల మా అమ్మ ముక్కు చీదుకుని, గొంతు తగ్గించి, “సరే, అయిందేదో అయింది. పిల్లల ఫొటోలుంటే పంపు. ఎవరి పోలిక?” అంది. (ఆ తల్లి మనసుకు దండం పెట్టాలి. నేనైతే ఆ క్షణంలో గోడకు తల కొట్టుకున్నాను.)

ఫోను పెట్టేసరికి సేటు ఎదురుగా నిలబడి ఉన్నాడు. “నన్ను పెద్దమనిషిని చేసి గిట్ల ఇజ్జత్ తీస్తవా? పిల్ల మేనమామ వచ్చి ఎంక్వైరీ చేసిపోయిండు. నీ ఓనరును అడిగితే, నాకేం తెల్వదు, పొద్దుగాల పోతడు, రాత్రికొస్తడు, సాయంత్రమంత పార్కులనే ఉంటడన్నడంట. పార్కుల అడిగితే ముగ్గురికి ముగ్గురు ఒకే మాట చెప్పిన్రు. పెండ్లయిందని, ఇద్దరు పిల్లలని. మీ అమ్మకు గూడ ఫోన్ చేసి చెప్పిన్రు.” పార్కులో నన్నెరిగిన ముగ్గురు ఎవరు? వాళ్ళకు నాకు పిల్లల్ని కల్పించాల్సిన అవసరమేమిటి? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

ఆ సాయంత్రం బెంచీ మీద కూలబడ్డాను. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడుస్తున్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. అడుగుల చప్పుడైతే తలెత్తాను. వెనక్కి సారు వస్తున్నాడు, ముందుకు నడుచుకుంటూ. ఆయన మొహం నేను సరిగ్గా చూడడం అదే మొదలు. వెనకాలే టోపీ తాత, విసనకర్ర చేతబట్టుకుని మక్కల అవ్వ. సారు నా పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

“భయపడకు బిడ్డా. మేం సూసుకున్నం. వాడు మళ్ళ రాడు.”

“ఎవడు సార్?”

“తెల్లచొక్కాయన. ఫోన్ల నీ ఫొటో సూపిచ్చి, ఈ పిలగాడు ఏ టైంకొస్తడు, ఎవరితోటి కూసుంటడు, ఎవరన్న ఆడపిల్ల వస్తదా అని ఒక్కటే సతాయిచ్చిండు. పేరడిగితే చెప్పడు, ఊరడిగితే చెప్పడు. మాకు సమజ్ కాదా? ఆ పిల్ల తరపోళ్ళు నిన్ను కొట్టనీకె తిరుగుతున్నరు.”

“ఏ పిల్ల?”

“మా దగ్గర దాసిపెట్టకు బిడ్డా” అంది అవ్వ.

“అందుకే పెండ్లయిందని నేనే చెప్పిన” అన్నాడు టోపీ తాత గొప్పగా. “పెండ్లయినోడంటే ఇడిసిపెడతరు గదా అని. వాడు నమ్మినట్టు కనపడలేదు. అప్పుడు అవ్వ ఇద్దరు పిల్లలన్నది.”

“పుట్టెంట్రుకల ముచ్చట నాది” అన్నాడు సారు.

ఏడాదికి పైగా మూగవాడిలా కూర్చున్న నేను పార్కంతా దద్దరిల్లేట్టు అరిచాను. ఆయన నన్ను కొట్టడానికి రాలేదు, నాకు పిల్లనిచ్చేవాళ్ళ మనిషి అని. ఎల్లారెడ్డి గిర్నీవాళ్ళ సంబంధమని. ఆ పిల్ల తప్ప నాకెవ్వరూ వద్దని. మిమ్మల్నెవరు అడిగారు, మీరు నాకేమవుతారని. ఉయ్యాలలు ఆగిపోయాయి. టోపీ తాత టోపీ తీసేశాడు. (బట్టతల. తల నిండా చెమట.) గేటు దగ్గర అవ్వ కంకులు మాడి పొగ లేస్తోంది, ఆమె కదల్లేదు. ఈ పార్కులో మళ్ళీ కాలు పెట్టనని చెప్పి లేచి వచ్చేశాను. ఇంత మందిలో ఒక్కరూ పట్టించుకోరని బాధపడేవాణ్ణి, పట్టించుకున్న ముగ్గురూ కలిసి నా కొంప ముంచారు.

తెల్లవారితే ఆదివారం. గదిలో ముసుగుతన్ని పడుకున్నాను. పదింటికి కొత్త నంబరు నుంచి ఫోను. పిల్ల తండ్రి. ఆయన గొంతు వినగానే లేచి నిలబడ్డాను.

“మీ తరపోళ్ళు వచ్చిన్రు. ముగ్గురున్నరు. ఒకాయన నా వాకిట్ల ఎనుకకు నడుస్తున్నడు. జర జల్ది రా.”

ఎల్లారెడ్డి బస్సు ఎలా ఎక్కానో, చొక్కా గుండీలు ఎక్కడ పెట్టుకున్నానో గుర్తు లేదు. లింగంపేటలో బస్సు ఆగి పది మంది ఎక్కుతుంటే వాళ్ళను లోపలికి తోసేద్దామనిపించింది. ఉన్న ఇద్దరు పిల్లలకు తోడు వీళ్ళు ఇంకో భార్యను కూడా తగిలించి ఉంటారని నా భయం. గిర్నీ దగ్గరికి పోయేసరికి వాకిట్లో మంచం మీద టోపీ తాత నిటారుగా కూర్చున్నాడు. కొత్త మనుషుల ముందు కదా, ఉతికిన టోపీ పెట్టుకున్నాడు. పిల్ల నాయనమ్మ చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతుంటే, మక్కల అవ్వ పక్కన చేరి దారం కట్టి ఇస్తోంది. పిల్ల మేనమామ, అదే ఆ తెల్లచొక్కాయన, గోడకు ఆనుకుని గుర్రుగా చూస్తున్నాడు. సారు కంగారులో అలవాటు కొద్దీ వెనక్కి నడుస్తూ సాక్ష్యం చెబుతున్నాడు. నేను గేటు దగ్గరే బిగుసుకుపోయాను.

“నిజం చెప్తున్న పటేలా. ఈ పిలగాడు రోజు వస్తడు. మాటుండదు, పలుకుండదు. దగ్గరికి పోతే గుప్పున పురుగుమందు వాసన. గట్లాంటి వయసు పిలగాడు గట్ల కూసుంటే మాకేమనిపిస్తది? ఏమన్న అఘాయిత్యం చేసుకుంటడేమోనని మాకు నిద్ర పట్టకపోయేది. ఒకరం కాకపోతే ఒకరం వాని మీద కన్నేసి ఉంచినం. దసరాకు కనపడకపోతే వాని గది దాక పోయి తాళం సూసి, ఊరికి పోయిండని ఓనరు చెప్పినంక గని తిరిగి రాలేదు. పిల్ల కోసం మనసు ఇరిగి ఉంటదనుకున్నం. ఇంతల ఈ తెల్లచొక్కాయన వచ్చి ఆడపిల్లల ముచ్చట అడిగిండు.”

“కడుపుల ఏమన్న పడాలె గదా అని లేత కంకి ఏరి ఇస్తుంటి” అంది అవ్వ, చేతిలో బీడీ వదలకుండా.

నేను కూర్చున్నది గాలి కోసం. వాళ్ళు నడిచింది, కూర్చున్నది, కంకులు కాల్చింది నన్ను కాపలా కాస్తూ. ఇన్నాళ్ళూ నన్నెవరూ చూడటం లేదని ఆ బెంచీ మీద ఎన్నిసార్లు ముక్కులో వేలు పెట్టుకున్నానో, ఎన్నిసార్లు నాలో నేను పాడుకున్నానో తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. పిల్ల తండ్రి మాత్రం మొహంలో ఏ భావమూ లేకుండా విన్నాడు.

“అయితే పిల్లలు లేనట్టేనా?” అని అడిగాడు.

“లేరయ్యా. నోటితోటి నేనే పుట్టిచ్చిన, ఇప్పుడు నేనే తీసేస్తున్న” అంది అవ్వ.

“మరి గింత తెలిసినోళ్ళు, పిలగాని పేరేందో చెప్పున్రి.”

సారు నడక ఆగింది. టోపీ తాత సారును చూశాడు, సారు అవ్వను చూశాడు, అవ్వ చాటలోకి చూసింది. ముగ్గురిలో ఒక్కరికీ నా పేరు తెలియదు. ఎలా తెలుస్తుంది, నేను చెబితే కదా. “మేం మేం మాట్లాడుకునేటప్పుడు మందు పిలగాడు అంటం” అని గొణిగాడు తాత. మేనమామ ఫక్కున నవ్వాడు. “పేరు తెల్వనోనికి సాక్ష్యం చెప్పనీకె కామారెడ్డి నుంచి వచ్చిన్రా?” అన్నాడు. ఇక అయిపోయింది, లేచి నమస్కారం పెట్టి పోవడమే అనుకున్నాను. గిర్నీ గుమ్మంలో మోచేతుల దాకా పిండితో ఆ పిల్ల నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వడం లేదు.

అప్పుడు నాయనమ్మ చాట పక్కన పెట్టింది. “నువ్వు జర సప్పుడు చేయకు” అంది మేనమామతో. తర్వాత కొడుకు వైపు తిరిగింది. “అయినోళ్ళు వచ్చి మంచోడంటే నేను నమ్మను. పైసలిచ్చి పంపినా వస్తరు. పేరు గూడ తెల్వకుంట గింతదూరం వచ్చిన్రంటే, ఆ పిలగాడు వాళ్ళకు ఎంత ముద్దొచ్చిండో సూడు. మన పిల్లకు ఇంకేం కావాలెరా?”

పిల్ల తండ్రి లోపలికి తిరిగి, “ఐదు చాయ్ పెట్టు” అని కేకేశాడు. మా నలుగురి వైపూ చూసి మళ్ళీ, “మామూలుగ కాదు, మంచిగ పెట్టు” అన్నాడు. (మా వైపు ఆ మాటకు ‘పిల్లనిస్తాం’ అని అర్థం.) గుమ్మంలోని పిల్ల గబుక్కున లోపలికి పోయింది.

సాయంత్రం బస్సులో నలుగురం ఒకే వరుసలో ఇరుక్కుని కూర్చున్నాం. నా చొక్కా అవ్వ భుజానికి ఆనుకుని ఉంది. ఎవరూ ముక్కు మూసుకోలేదు. లింగంపేట దాటాక సారు ముందుకు వంగి, “ఇంతకు నీ పేరేంది బిడ్డా?” అని అడిగాడు. పేరు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరిచాను, పేరుకు బదులు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే, ఊళ్ళో తనకెవరూ లేరని మొహం వేలాడేసుకు తిరిగిన ఆ వెర్రిబాగులవాణ్ణి చూసి నాకే నవ్వొస్తుంది. వాడి అదృష్టం చూసి కొంచెం అసూయ కూడా పుడుతుంది. ఆనాడు మాత్రం అవ్వ కొంగుతో నా కళ్ళు తుడిచింది.

“ఊకో బిడ్డా, తొందరేమున్నది” అంది. “రేపు పార్కుల చెప్పుదువు తియ్యి.”