నేను చదవని వాక్యం

డాక్టరు కాగితంలో ఆ ఒక్క వాక్యం కూడా చదివి వినిపించి ఉంటే ఏమయ్యేది? మూడేళ్ల కిందటి కాగితం అది, ఇప్పటి ప్రశ్న ఇది. మొన్న శుక్రవారం మర్రిగూడలో మా పక్కింటి చాచీ పోయింది. ఊపిరితిత్తుల్లో క్షయ.

చాచీ బట్టలు కుట్టేది. నేను యూనివర్సిటీకి వేసుకుపోయిన జాకెట్లన్నీ ఆమె చేతివే. లోపల రెండు వేళ్ల బట్ట వదిలి, "హాస్టల్ తిండికి ఒళ్లొస్తే కుట్టు ఇప్పుకో," అనేది.

నేను చదువు ముగించి ఇంటికొచ్చాక ఆమె వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున లేస్తే పిడికిలి విచ్చుకునేది కాదు. "గీ నీళ్ల గుణమే," అన్నారు అందరూ. మాది ఫ్లోరైడు నీళ్ల ఊరు; ఏ కీలు పట్టుకున్నా నేరం బోరుదే. అట్లా రెండేళ్లు పోయాయి. రోజూ గోడ అవతలి నుంచి పిలిచేది: "ఓ సదువుల తల్లీ, జర సూదిల దారం ఎక్కియ్యి. గంత సదివినవ్, గీ పనికన్న పనికిరా!"

ఇది నీళ్ల జబ్బు కాదని నల్లగొండ డాక్టరు చెప్పాడు. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి కీళ్లను తింటోందట. దాన్ని అణచడానికి మాత్రలిచ్చాడు. ఇంగ్లీషు కాగితం చాచీ నా చేతిలో పెట్టింది. ఏ మాత్ర ఎప్పుడో చదివాను. అడుగున ఇంకో వాక్యం ఉంది: ఈ మందులతో రోగాలను ఎదిరించే బలం తగ్గుతుంది, క్షయ లాంటివి రావచ్చు, జ్వరం పైకి కనబడకపోవచ్చు, దగ్గు వస్తే వెంటనే రావాలి.

"ఇంకేమున్నది బిడ్డా?"

"ఏం లేదు చాచీ. తప్పకుండ వేస్కో."

భయపడి మానేస్తుందనుకున్నాను. కడుపులో మంటగా ఉందని అంతకు ముందు ఓ మందు మానేసిన మనిషి. కొన్ని వారాలకు తనే సూదిలో దారం ఎక్కించి నా ముఖం ముందు ఆడించింది: "ఇగ నీ కొలువు పోయింది, పో!"

ఈ చలికాలం దగ్గు మొదలైంది. రోజూ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. చల్లగానే ఉండేది. "జెరమే లేదు, ఊకె ఫికర్ జేస్తవ్," అనేది. జ్వరం కనబడదని చదివింది నేనే. అయినా చల్లని నుదుటినే నమ్మాను. ఆ వాక్యం గుర్తొచ్చి దవాఖానకు తీసుకుపోయేసరికి మనిషి సగమైంది.

ఆమె మిషను మీద నా జాకెట్టు సగం కుట్టి ఉంది. సూదిలో దారం ఆమె ఎక్కించిందే. లోపల రెండు వేళ్ల బట్ట వదిలే ఉంది. ఆ వాక్యం చదివి వినిపించి ఉంటే చాచీ దగ్గు మొదట్లోనే దవాఖానకు పోయి బతికేదో, మాత్రలు మానేసి ముడుచుకున్న పిడికిలితో గోడ అవతలే ఉండిపోయేదో, నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.