ఉందన్నాను

మా స్కూలు డైరెక్టరు గారు హైదరాబాదులో రెండు రోజుల ట్రైనింగుకు వెళ్ళొచ్చి, స్టాఫ్ మీటింగు పెట్టి, మా టీచర్లలో టీమ్ స్పిరిట్ లేదని తేల్చారు. అది రావాలంటే అందరం కలిసి ట్రెజర్ హంట్ ఆడాలట. జట్లుగా విడిపోవాలి, చేతికిచ్చిన జాబితాలోని వస్తువులన్నీ వెతికి తేవాలి, ముందు తెచ్చిన జట్టుకు బహుమతి.

"మీరు సీనియర్ కదా మేడం, ప్లేస్ మీరు చూడండి. చీరాలకి దగ్గర్లో ఉండాలి, నీడ ఉండాలి, లేడీస్‌కి బాత్‌రూములు ఉండాలి," అన్నారు నాతో. "ఆ రోజు ఎవరికీ లీవు లేదు. అందరూ ఆడాల్సిందే."

నా పక్కన కూర్చున్న లెక్కల టీచరు బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

ఆమె, నేను ఆరో తరగతిలో ఒకే రోజు మిషన్ హాస్టల్లో చేరాం. పర్చూరు చుట్టుపక్కల పల్లెలు మావి. ఇద్దరి అమ్మలూ మిరపకాయల కోతలకు వెళ్ళేవాళ్ళు. కోతల రోజుల్లో మమ్మల్ని చూడ్డానికి వస్తే కారం అంటిన చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడి మాట్లాడేవాళ్ళు. తర్వాత ఒకే కాలేజీలో బి.ఇడి. చేశాం. ఒకే స్కూల్లో చేరాం. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఆమె చేసుకోలేదు. ఆమెకు స్కూలే అన్నీ.

షుగరు వల్ల ఆమె ఎడమ కన్ను పోయి అప్పటికి ఏడాదిన్నర. గుంటూరులో కంట్లో ఇంజెక్షన్లు వేయించుకునేది, నేనే తీసుకెళ్ళేదాన్ని. కుడి కంట్లో సరిగ్గా మధ్యలో నల్లటి మచ్చ నిలిచిపోయింది. "మనిషి ఎదురుగా నిలబడితే చెవులు కనిపిస్తాయే, మొహం కనిపించదు," అనేది నవ్వుతూ.

ఈ సంగతి స్కూల్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఉద్యోగం ఉండదని ఆమె భయం. పాఠాలన్నీ ఆమెకు నోటికి వచ్చు. "ఐదో లెక్క నువ్వు చదవమ్మా," అని పిల్లల చేత చదివించి, బోర్డు మీద ఎక్కడిదాకా రాసిందో అక్కడ ఎడమచేతి వేలు ఆనించి పెట్టుకుని తర్వాతి వరస రాసేది. పరీక్ష పేపర్లు మా ఇంటికి తెచ్చేవాళ్ళం. నేను చదివితే ఆమె మార్కులు చెప్పేది. మెట్లు దిగేటప్పుడు నేను అరడుగు ముందుండేదాన్ని, ఆమె కబుర్లు చెబుతున్నట్టే నా హ్యాండ్‌బ్యాగు పట్టీ పట్టుకుని దిగేది. చూసేవాళ్ళకు మేం విడిచి ఉండలేని స్నేహితురాళ్ళం. అదీ నిజమే.

చోటు వెతకడం మా ఇద్దరి పనీ అయింది. ఆమె ఎక్కడ పడిపోకుండా తిరగగలదో అక్కడ ఆట పెట్టాలి. మిగతావాళ్ళందరూ వాడరేవు బీచ్ అని గోల పెట్టారు. ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం ఆటోలో వాడరేవు వెళ్ళాం. ఇసకలో నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"ఈ హోరులో ఎవరి గొంతు ఎటు నుంచి వస్తుందో తెలియడం లేదే. గొంతులు కూడా పోతే నాకింకేం మిగులుతుంది?" అంది.

డైరెక్టరు గారికి అలలు ప్రమాదమని చెప్పాను. తర్వాత బాపట్ల దారిలో ఒక సపోటా తోట చూశాం. నీడ చల్లగా, బాగుంది. కానీ చెట్టు చెట్టుకూ మధ్య నీళ్ళ పైపులు నేల మీదే పరిచి ఉన్నాయి. మూడుసార్లు తట్టుకుంది. తోటమాలి చూస్తున్నాడని, మూడుసార్లూ చెప్పు ఊడినట్టు వంగి సర్దుకుంది. తోటవాళ్ళు చోటు ఇవ్వం అన్నారని ఆయనకు అబద్ధం చెప్పాను. ఆ తర్వాత ఊరి చివర కొత్త ఫంక్షన్ హాలు. నేల నున్నగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉందని నేను సంతోషిస్తున్నంతలో ఆమె నేరుగా వెళ్ళి అద్దం తలుపుకు గుద్దుకుంది.

ఆ హాలు మెట్ల మీద ముక్కు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను చున్నీ తడిపి ఇచ్చాను.

"మన హాస్టలయితేనో?" అంది ఉన్నట్టుండి.

హాస్టలు మూతపడి చాలా ఏళ్ళయింది. భవనం మాత్రం ఉంది, చర్చి సంఘంవాళ్ళు కాపలా పెట్టారు.

"అక్కడైతే నాకు కళ్ళతో పనిలేదే. గేటు నుంచి మెట్లకి నలభై అడుగులు. మెట్లు ఆరు. కరెంటు పోయిన రాత్రుళ్ళు మిమ్మల్నందరినీ బాత్‌రూములకి నడిపించింది ఎవరనుకున్నావ్?"

అద్దానికి గుద్దుకున్న ముక్కుతోనే నవ్వింది. ఏడాదిన్నరగా అంత నిండు నవ్వు నేను చూడలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం స్కూలు అవగానే ఇద్దరం వెళ్ళాం. ఆటో దిగగానే ఘాటు ముక్కుకు తగిలింది. ఆవరణ అంతా ఎవరో రైతులు మిరపకాయలు ఆరబోసుకున్నారు. కాపలా ఆయనకు అరవై పైబడి ఉంటాయి, తుమ్ముకుంటూనే గేటు తీశాడు.

"ఇక్కడ చదువుకున్నాం బాబాయ్, ఒకసారి చూసి పోతాం," అంది ఆమె.

"చూడండమ్మా, చూడ్డానికేం. కాయల మీద మాత్రం తొక్కమాకండి."

ఆమె నా చెయ్యి వదిలేసింది. గేటు స్తంభం తడిమి, వీపు దానికి ఆనించి, అడుగులు లెక్కపెడుతూ బయలుదేరింది. కుప్పలకు మధ్య వదిలిన దారిలో నలభైకి నలభై అడుగులు వేసి మెట్ల ముందు ఆగింది. ఆరు మెట్లెక్కింది. వరండాలో ఎడమకు తిరిగి భోజనాల హాలు గుమ్మం మీద చెయ్యి వేసింది. వెనక నేను ఏడుస్తున్నాను. నేను ముక్కు ఎగబీలుస్తుంటే మిరపఘాటు వల్లే అనుకుంది.

"వెనకాల చింతచెట్టు ఉందా?" అని అడిగింది వరండా చివర నిలబడి. ఆ చెట్టుకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది, అదే మా గంట. రెండేళ్ళు ఆ గంట కొట్టే పని ఆమెదే.

నేను చూశాను. చెట్టు లేదు. మొద్దు కూడా లేదు. దాని చోట రోడ్డు వైపుకు కొట్ల గదులు కట్టడానికి పునాది గోతులు తవ్వి వదిలేశారు. మనిషి ఛాతీ లోతు ఉంటాయి. అడుగున రాళ్ళు. గోతుల ఇవతల మిరపకాయలు.

"ఉంది," అన్నాను.

"పద, ఒకసారి పట్టుకుని చూస్తాను."

"కాయలు ఆరబోశారే, సందు లేదు. తొక్కితే ఆయన ఊరుకోడు."

"సరేలే, ఆట రోజు చూస్తాను," అంది, పిల్లలా.

ఆ ఒక్క మాట ఎందుకన్నానా అని ఇన్నాళ్ళూ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆమె మొహం చూసి అన్నాను. అంతకంటే వేరే కారణం లేదు. ఇదీ లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వచ్చేముందు ఆమెను ఆటోలో కూర్చోబెట్టి, పర్సు మరిచానని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళాను. "గోతుల చుట్టూ ముళ్ళకంప వెయ్యి బాబాయ్, మా టీచర్లు వస్తారు," అని కాపలా ఆయనకు చెప్పాను. అలాగేనన్నాడు. ఆట ముందు వైపు వరకే పెట్టిస్తాను, ఆమెను నా జట్టులోనే ఉంచుకుంటాను, ఎటూ పోనివ్వను. ఇదీ నా ఏర్పాటు.

డైరెక్టరు గారు ఆ చోటుకు ఒప్పుకున్నారు. ఆటకు ఇంకా పదిరోజులున్నాయి. రోజూ స్కూలు నుంచి వచ్చేటప్పుడు ఆమె ఆ చెట్టు గురించే మాట్లాడేది. ఉప్పూ కారం అద్దుకుని తిన్న చింతచిగురు, గంట ఆలస్యమైతే వార్డెన్ తిట్లు. చెబుదామనుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు ఆట రోజయింది.

రెండో శనివారం పొద్దున్నే స్కూలు బస్సులో దిగాం. కాయలు ఎత్తేశారు. ఆవరణ అంతా ఖాళీగా, ఎర్రటి తొడిమల తుక్కుతో ఉంది. వెనక్కి వెళ్ళి గోతులు చూశాను. కంప వేశాడు, రోడ్డు వైపు మాత్రమే. బయటి మనుషులు పడతారని అనుకున్నాడట. నేను అతన్ని కేకేసి, ఇటు కూడా వెయ్యమని చెబుతుంటే డైరెక్టరు గారు పిలిచారు.

జట్లు చీట్లు తీసి వేశారు. అది నేను ఊహించలేదు. ఆట ముందు వైపే పెట్టమని చెప్పబోయేలోపే, "మీరు ఆర్గనైజర్ మేడం, మీరు ఆడరు. టిఫిన్ల సంగతి చూడండి," అన్నారు నాతో. ఆమె చీటీ నలుగురు కొత్త టీచర్ల జట్టులో పడింది. నేను దగ్గరికి వెళ్ళి, "ముందు వైపే ఉండవే. వెనక్కి వెళ్ళకు," అన్నాను.

"ఏం?"

అప్పుడైనా చెప్పొచ్చు. చుట్టూ అందరూ ఉన్నారు. "ఎండ," అన్నాను.

జాబితా డైరెక్టరు గారు ఫోన్లో చూసి రాసుకొచ్చారు. గుండ్రటి రాయి, ఈక, ఎర్రటిదేదైనా, ఇలాంటివి పది. అందులో ఒకటి, మీ అందరికంటే వయసులో పెద్దదైన వస్తువు. నేను వరండాలో ఇడ్లీ పొట్లాలు లెక్కపెట్టి పెడుతున్నాను. ఆమె జట్టులోని అమ్మాయి ఆ అంశం పైకి చదవడం వినిపించింది. ఆ వెంటనే ఆమె గొంతు.

"నాకు తెలుసు! గంట! రండి నా వెనక!"

తలెత్తి చూసేసరికి భవనం మూల తిరిగింది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని గబగబా నడుస్తోంది. ఆ అమ్మాయిలు నవ్వుకుంటూ వెనకబడ్డారు. లెక్కల మేడం అంత హుషారుగా ఉండటం వాళ్ళెప్పుడూ చూడలేదు. నేను ఆమెను పేరు పెట్టి అరిచాను. పరిగెత్తాను. మూల తిరిగేసరికి ఆమె లేదు. నలుగురు అమ్మాయిలు గట్టున నిలబడి నోళ్ళమీద చేతులు పెట్టుకుని ఉన్నారు.

అంత వెలుగులో అంత వెడల్పు గోతిలోకి, ఆగకుండా, దారి అనుకుని నడిచింది.

గోతిలో కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మణికట్టు దగ్గర చెయ్యి వంకర తిరిగింది. నుదుటి మీద చర్మం లేచిపోయింది. "చూసుకోలేదా మేడం? కనపడలేదా?" అని పైనుంచి డైరెక్టరు గారు అడుగుతున్నారు. ఆ నలుగురిలో ఒకమ్మాయి నెమ్మదిగా, "మేడంకి కనపడదు సార్. మాకెప్పటి నుంచో అనుమానం," అంది.

నేను గోతిలోకి దిగాను. ఆమె ఎడమచెయ్యి గాలిలో చాపి నన్ను వెతికింది. పట్టుకున్నాను.

"చింతచెట్టు ఏదే?" అంది.

అరచినా, తిట్టినా తట్టుకునేదాన్ని. మామూలుగా అడిగింది. కాసేపటికి ఆమే నా చెయ్యి వదిలేసింది. కాపలా ఆయన, డ్రైవరు కలిసి ఆమెను పైకి తీశారు.

చీరాల ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టారు. అందరూ వెళ్ళిపోయాక మంచం పక్కన కూర్చుని, "నీ సంతోషం చూసి చెప్పలేకపోయానే," అన్నాను.

"డాక్టరు తగ్గిపోతుందంటాడు. మా అక్క అద్దాలు మారిస్తే చాలంటుంది. అందరూ నా మంచికే చెబుతారు. నువ్వు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతావనుకున్నాను. గొయ్యి ఉంటే గొయ్యి అంటావని నీ వెనక నడిచాను." కట్టు చెయ్యి దిండు మీదికి జరుపుకుని, "మా అక్కకి ఫోన్ చెయ్యి," అంది.

డైరెక్టరు గారు చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. పూలగుత్తి తెచ్చారు. ఆరోగ్యం ముఖ్యం మేడం, ముందు రెస్ట్ తీసుకోండి అన్నారు. జూన్‌లో స్కూలు తెరిచేసరికి లెక్కలకు వేరే టీచరు వచ్చాడు. బోర్డు మీద చకచకా రాసుకుపోతాడు. మంచి కుర్రాడే. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో అతనే కూర్చుంటాడు.

ఆమె పొన్నూరులో అక్క ఇంట్లో ఉంటోంది. కుడికన్ను కూడా ఇప్పుడు వెలుగూ చీకటీ చెప్పడం వరకే. ఈ మధ్య వెళ్ళాను. చుట్టూ వరి కోతలు అయిపోయి రోడ్డు పొడవునా ధాన్యం పోసి ఉంది. ఆమె వరండాలో కూర్చుని ఉంది. నా గొంతు వినగానే, "రావే, కూర్చో. టీ తాగుతావా?" అంది. పిల్లల గురించి, నా మోకాళ్ళ నొప్పి గురించి అడిగింది. కోపం ఉంటే బాగుండునని ఎదురుచూశాను. కోపం లేదు.

మాట్లాడుతుంటే వీధిలో ఏదో పెద్ద చప్పుడయింది. ఆమె తల అటు తిప్పింది. "అక్కా, ఏంటది?" అని లోపలికి కేకేసింది. నేను పక్కనే ఉన్నాను. ధాన్యం బస్తాల ట్రాక్టరు తిరగబడబోయి ఆగింది. నేను చూస్తూనే ఉన్నాను. అక్క చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి చూసి చెప్పేదాకా ఆమె ఆగింది.

భోజనానికి లేచినప్పుడు నేను చెయ్యి అందించాను. "ఫర్వాలేదులే," అని, వేళ్ళతో గోడ రాసుకుంటూ లోపలికి నడిచింది. ఆమె వెనక నేను నడిచాను.