టోపీ పెట్టుకున్న నర్సు

నవ్వితే నవ్వండి. రోజూ ప్రార్థన చేసే నోటితో చెబుతున్నాను, ఇందులో ఒక్క మాట కూడా కల్పించలేదు. ఇప్పటికీ ఆ వార్డులోకి ఒంటరిగా వెళ్లాల్సి వస్తే నా కాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి...

మదనపల్లెలో ఒక చిన్న ఆస్పత్రిలో నర్సుని నేను. ఆడవాళ్ల వార్డులో గంగులమ్మ అనే ముసలామె ఉండేది. పుంగనూరు దగ్గర పల్లె. టమాటా తోటల్లో కూలి చేసి కూతుర్ని నర్సింగ్ చదివించింది. కూతురు సుజాత కుప్పంలో ఇంకో ఆస్పత్రిలో నర్సు. గంగులమ్మది గుండె జబ్బు.

సాయంత్రమైతే వార్డు టీవీలో డాక్టర్ల సీరియల్ పెట్టాల్సిందే. అందులో నర్సు తెల్ల టోపీ పెట్టుకుని తిరుగుతుంది. మేం టోపీలు మానేసి చాలా ఏళ్లయింది. గంగులమ్మకు అది నచ్చదు.

"టోపీ లేకుండా నువ్వేం నర్సువమ్మా? నా బిడ్డను సూడు" అని దిండు కింద నుంచి ఫోటో తీసేది. చదువుకునేటప్పుడు దీపం పట్టుకుని ప్రమాణం చేసిన రోజు ఫోటో అది. సుజాత తలమీద టోపీ. నవ్వు ఆపుకుంటున్న మొహం.

ఒక రోజు పొద్దున డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కూతుర్ని రమ్మనండి అన్నాడు. ఫోన్ చేశాను.

"రిలీవర్ రాలేదక్కా" అంది సుజాత. "ఐసీయూలో పేషెంట్లను వదిలేసి యాడికి వచ్చేది? ఆయమ్మి వస్తానే బస్సెక్కతా. అంతవరకు మా అమ్మను ఒంటిగా వదలద్దక్కా."

మా పనే అంత. బదులు మనిషి వచ్చి నిలబడితేగానీ కదలకూడదు. సొంత తల్లికైనా సరే.

సాయంత్రం సీరియల్లో నర్సు, తల్లికి బాగాలేదని తెలిసి డ్యూటీ వదిలేసి పరిగెత్తింది. గంగులమ్మ చూసి మెల్లగా అంది.

"ఆ యమ్మి ఒక్క పరుగున వచ్చేసె. నా బిడ్డను ఎవురు పంపిస్తారమ్మా?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది.

రాత్రి సుజాత ఫోన్ చేసింది. రిలీవర్ వచ్చాక బయల్దేరిందట, దారిలో వి.కోట దగ్గర బస్సు ఆగిపోయిందట. "వస్తాండానక్కా... వస్తాండా" అంటూనే ఉంది. నేను టీవీ కట్టేశాను. నాతో డ్యూటీలో ఉన్న మేరీ కాన్పు గదికి వెళ్లింది. నేను మందుల ట్రే తీసుకుని రావడానికి వెళ్లాను. ఎంతసేపు... ఇలా వెళ్లి అలా వచ్చాను.

గుమ్మంలో ఆగిపోయాను. గంగులమ్మ మంచం దగ్గర ఒక నర్సు స్టూలు మీద కూర్చుని ఉంది. వీపు నా వైపు. ముసలామె చెయ్యి పట్టుకుని, తల వంచి వాచీ చూసుకుంటోంది.

నాడి చూసే నర్సుని పలకరించకూడదు, లెక్క తప్పుతుంది. చదువుకునే రోజుల నుంచీ అలవాటు. మేరీ వచ్చేసిందనుకుని నోరు మూసుకుని నిలబడ్డాను.

ఫ్యాన్ కిర్రు... కిర్రు... సెలైన్ సీసాలో చుక్క... ఇంకో చుక్క... నాడి చూడటానికి ఇంతసేపా?

అప్పుడు చూశాను. తలమీద... తెల్లగా... టోపీ.

గంగులమ్మ గొంతు వినబడింది. "పొద్దన్నుంచి ఏమన్నా తింటివా అమ్మా?"



నా చేతిలో ట్రే గలగలమంది. పడిపోకుండా పట్టుకుని తలెత్తేసరికి స్టూలు మాత్రమే ఉంది. మంచం దగ్గరికి పరిగెత్తాను, గంగులమ్మకు ఊపిరి ఆడటం లేదు. డాక్టరూ వచ్చాడు, చేయాల్సిందంతా చేశాడు. గంగులమ్మ వెళ్లిపోయింది. ఆమె చెయ్యి దుప్పటి మీద ఉంది... మణికట్టు పైకి తిప్పి. నాడి చూసేటప్పుడు మేం పెట్టినట్టే.

మేరీ కాన్పు గది నుంచి కదలనే లేదట. రోజూ ఆ సీరియల్ చూసి నా కళ్లే మోసపోయాయా? మరి గంగులమ్మ ఎవరితో మాట్లాడింది? ఆ సమయానికి బస్సులో నీకు కునుకు పట్టిందా, కలలో అమ్మ దగ్గరికి వచ్చావా అని సుజాతను అడగాలనుకుంటాను. భయమేసి అడగలేదు.

తెల్లవారి వచ్చింది సుజాత. యూనిఫాం కూడా మార్చుకోలేదు. తల్లి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నావైపు తిరిగింది.

"మా అమ్మ ఒంటిగానే పాయనా అక్కా?"

"లేదమ్మా. పక్కన ఒక నర్సు ఉండాది. చెయ్యి పట్టుకునే ఉండాది."

సుజాత కళ్లు తుడుచుకుని లేచింది.

"ఎవురక్కా ఆయమ్మ? యాడుండాది? కాళ్లకు మొక్కుకుంటా."

వార్డంతా చూశాను... ఎవరిని చూపించేది?